చేతిఫోను నమోదు: గృహస్థు ఎరుగవలసిన విషయములు

ఇంట రేడియో ఉండవలెనన్న ముందుగా లైసెన్సు ఉండవలెను అను కాలము ఒకటి మన దేశమున ఉండెను. మా శ్రోతలలో పెద్దవారికి ఆ సంగతి ఇప్పటికిని జ్ఞాపకముండును. 1933వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రాఫు చట్టము ననుసరించి, రేడియో కొనిన గృహస్థు పోస్టాఫీసునకు పోయి, రుసుము చెల్లించి, చిన్న పుస్తకము వంటి లైసెన్సును తెచ్చుకొనెడివాడు. ఏడు తిరిగి వచ్చుసరికి దానిని మరల పొడిగించుకొనవలెను. పుస్తకమును రేడియో వెనుకనో, పూజ అలమారులో పంచాంగము క్రిందనో భద్రపరచుట ఇంటి పెద్దల అలవాటు. 1980ల మధ్యలో ఆ లైసెన్సు పద్ధతి రద్దయినది. రేడియోకు స్వేచ్ఛ లభించినది.

నేడు ఇంటింట మరియొక నిస్తంత్రీ యంత్రము వెలసినది. అదియే చేతిఫోను. రేడియో వినిపించునే గాని పలుకులను కొనిపోజాలదు. చేతిఫోను వినిపించును, పలుకులను కొనిపోవును, ఫోటోలు తీయును, బ్యాంకు సొమ్మును ఒకరి ఖాతానుండి మరియొకరి ఖాతాకు పంపును. రేడియోకే అంత కట్టుబాటు ఉండినప్పుడు, ఇంతటి యంత్రమునకు ఏ కట్టుబాటును లేకుండునా యని సందేహము కలుగుట సహజము. మేము నివసించు బడంగ్‌పేట్‌లో ఇరుగుపొరుగువారు మమ్ము తరచు అడుగు ప్రశ్న ఇది: “క్రొత్త ఫోను కొన్నాము. దీనిని సర్కారువారి వద్ద రిజిస్టరు చేయించవలెనా? ఎక్కడ చేయించవలెను? ఎంత కట్టవలెను?”

దీనికి సమాధానము రెండు మాటలలో చెప్పవచ్చును. ఫోనును నమోదు చేయవలసిన విధి చట్టరీత్యా తయారీదారునిది, దిగుమతిదారునిది. కొనినవాడు ఏ కార్యాలయమునకును పోనక్కరలేదు, ఏ రుసుమును కట్టనక్కరలేదు. అయినను ఆ నమోదు మనకు అక్కరకు రావలెనన్న మనము చేయవలసిన పని కొంత మిగిలియున్నది. ఆ పని ఏదియో, దానిని మరచినవారికి కలుగు నష్టమెట్టిదో వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట ఫోనునకు గల ఒక అంకెను గూర్చి తెలిసికొందము. మన చేతిఫోనునకు రెండు విధములైన గుర్తులున్నవి. మనము బంధుమిత్రులకు ఇచ్చు పది అంకెల నంబరు సిమ్ కార్డునకు చెందినది. సిమ్ కార్డును ఒక ఫోనునుండి తీసి మరియొక ఫోనులో పెట్టిన, ఆ నంబరు దానితోపాటు పోవును. యంత్రమునకు వేరొక అంకె కలదు. దానిని ఐ.ఎం.ఇ.ఐ. అందురు. అది పదునైదు అంకెల సంఖ్య. సిమ్ కార్డు మారినను అది మారదు. పూర్వము సైకిలుకు చట్రము మీద కర్మాగారమువారు చెక్కిన అంకె ఉండెడిది. ఎవరు ఎక్కి తొక్కినను ఆ అంకె మారదుగదా! సిమ్ కార్డు సైకిలు తొక్కువాని వంటిది, ఐ.ఎం.ఇ.ఐ. చట్రము మీది అంకె వంటిది.

ఈ పదునైదు అంకెలును తోచినట్లు వేసినవి కావు. మొదటి ఎనిమిది అంకెలు ఆ ఫోను ఏ కంపెనీవారిదో, ఏ రకమునకు చెందినదో తెలుపును. ప్రపంచమంతటికిని పనికివచ్చునట్లు వీనిని జి.ఎస్.ఎం.ఎ. అను అంతర్జాతీయ సంస్థవారు కేటాయింతురు. తరువాతి ఆరు అంకెలు ఆ రకపు ఫోనులలో ఇది ఎన్నవదియో తెలుపు వరుస సంఖ్య. ఇక చిట్టచివరి అంకె తనిఖీ అంకె. ముందున్న పదునాలుగు అంకెలను వ్రాయుటలో పొరపాటు జరిగిన పట్టియిచ్చుట దీని పని.

ఆ తనిఖీ ఎట్లు జరుగునో పిల్లలు కాగితము మీద లెక్క వేసి చూడవచ్చును. పాఠ్యపుస్తకములలో ఉదాహరణగా చూపు సంఖ్య ఒకటి ఉన్నది: 490154203237518. చివరి 8ని ప్రక్కన పెట్టుడు. మిగిలిన పదునాలుగింటిలో రెండవది, నాల్గవది, ఆరవది - ఈ విధముగా సరి స్థానములలో ఉన్న అంకెలను రెట్టింపు చేయుడు. రెట్టింపు చేసినప్పుడు రెండంకెల సంఖ్య వచ్చినచో ఆ రెండంకెలను కలుపుడు. 9ని రెట్టింపు చేయగా 18. ఒకటియు ఎనిమిదియు కలిపిన 9. ఇట్లు రెట్టింపు చేసినవాని మొత్తము 30 అగును. బేసి స్థానములలోని అంకెలను ఉన్నవి ఉన్నట్లు కూడగా 22 వచ్చును. రెండును కలిసి 52. దీనిపైని వచ్చు పదుల సంఖ్య 60. అందుకు 8 తక్కువ. ఆ ఎనిమిదియే చివరి అంకె! ఎవరైన ఒక అంకెను తప్పుగా చెప్పిరేని ఈ లెక్క కుదరదు.

మీ ఫోను అంకెను తెలిసికొనుట సులభము. నంబరు నొక్కు చోట నక్షత్రపు గుర్తు, హ్యాష్ గుర్తు, సున్న, ఆరు, మరల హ్యాష్ గుర్తు వరుసగా నొక్కిన, అంకె తెరమీద కనబడును. రెండు సిమ్ కార్డులు పట్టు ఫోనునకు రెండు అంకెలుండును; రెండింటిని వ్రాసికొనవలెను. ఫోను వచ్చిన అట్టపెట్టె మీదను ఈ అంకె అచ్చు వేసియుండును. దుకాణదారుడు ఇచ్చు రసీదు మీదను సాధారణముగా ఉండును.

ఇక ప్రభుత్వమువారి నిబంధనల సంగతి. 2008 నవంబరులో ముంబయి మీద జరిగిన ఉగ్రదాడుల పిమ్మట చేతిఫోనుల విషయమున భద్రతను గూర్చిన ఆందోళన హెచ్చినది. ఆ రోజులలో చౌకగా వచ్చిన ఫోనులు అనేకములకు ఈ అంకెయే ఉండెడిది కాదు. కొన్నిటికి అన్నియు సున్నలే. సరియైన అంకె లేని ఫోనులకు సేవలు నిలిపివేయవలెనని ప్రభుత్వము కంపెనీలను ఆదేశించగా, 2009 చివర అది అమలులోనికి వచ్చినది. 2017లో ఈ అంకెను చెరిపివేయుట, మార్చుట నిషేధించుచు ప్రత్యేక నిబంధనలను ప్రకటించిరి. అయినను అక్రమము ఆగలేదు. 2020లో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ పోలీసులు విచారణ చేయగా, ఒకే అంకెతో దేశమున పదమూడు వేలకు పైగా ఫోనులు నడచుచున్నట్లు బయటపడినది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గలవారు పదమూడు వేలమంది ఉన్నచో, అందులో నేరస్థుని గుర్తించుట ఎవరి తరము?

కావున 2022 సెప్టెంబరులో నిబంధనలను సవరించిరి. 2023 జనవరి 1 నుండి మన దేశమున తయారైన ప్రతి ఫోను అంకెను, మొదటి అమ్మకము జరుగక ముందే, తయారీదారుడు కేంద్ర ప్రభుత్వమువారి వేదికలో నమోదు చేయవలెను. విదేశములనుండి దిగుమతి చేయువారును, సరకు రాకముందే ఆ పని చేయవలెను. అనగా దిల్‌సుఖ్‌నగర్ దుకాణములో అద్దపు బీరువాలో మనము చూచు క్రొత్త ఫోను, మన చేతికి రాకపూర్వమే సర్కారు చిట్టాకు ఎక్కియుండును. పార్లమెంటు 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము ఈ అంకెను మార్చుటను పెద్ద నేరముగా పరిగణించినది. మూడు సంవత్సరముల వరకు ఖైదుగాని, 50 లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఒక విశేషము చూడుడు: ఒకప్పుడు రేడియోకు లైసెన్సు అడిగిన ఆ 1933 చట్టమునకును, అంతకు పాతదైన 1885 టెలిగ్రాఫు చట్టమునకును బదులుగా తెచ్చినదే ఈ క్రొత్త చట్టము.

ఇతర దేశములలో పద్ధతి ఇట్లే ఉన్నదని భావింపరాదు. టర్కీలోను, పాకిస్థానులోను విదేశమునుండి తెచ్చుకొనిన ఫోనును దాని యజమానియే గడువులోపల నమోదు చేయించి, విధించిన పన్ను కట్టవలెను. లేనిచో అక్కడి సిమ్ కార్డుతో ఆ ఫోను పనిచేయదు. అమెరికానుండియో, గల్ఫు దేశములనుండియో వచ్చు మన పిల్లలు ఆ దేశముల మీదుగా ప్రయాణము చేయునప్పుడు ఇట్టి మాటలు విని, మన దేశమునను అట్లే కాబోలునని భ్రమపడుదురు. గృహస్థుల మీద అట్టి భారమును మన నిబంధనలు మోపలేదు.

అయినచో ఇంక మనకు చింత యేల యని అడుగవచ్చును. చిట్టాలో యంత్రము అంకె ఉన్నది గాని, ఆ యంత్రము మీ ఇంటిదని ఆ పుట చెప్పదు. ఆ సంబంధమును చూపవలసినవారము మనమే. ఈ మాట మేము పుస్తకము చదివి నేర్చినది కాదు, నష్టపడి నేర్చినది.

మా ప్రక్కనున్న బాలాపూర్ వినాయకుని లడ్డును గూర్చి వినని తెలుగువారు అరుదు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలము నేడు లక్షలకు పెరిగినది. నిమజ్జనము నాటి ఉదయము ఆ వేలమును చూడబోయిన జనసమూహములో మేమును ఉంటిమి. తిరిగి బడంగ్‌పేట్ చేరి జేబు తడిమి చూచుకొనగా ఫోను లేదు. వెంటనే ఠాణాకు పోతిమి. అక్కడి రైటరు ఓపికతో అంతయు విని, కాగితము ముందు పెట్టుకొని, “సార్, మీ ఫోను నంబరు కాదు, ఐ.ఎం.ఇ.ఐ. నంబరు చెప్పుండ్రి” అనెను. మాకు నోట మాట రాలేదు. రేడియోలో లోకమునకు అనేక విషయములు వివరించువారము. మా జేబులోని యంత్రము పేరు మాకు తెలియదు! పెట్టెను పాత సామానులవానికి వేసితిమి. రసీదు ఎక్కడనున్నదో తెలియదు.

రెండు దినములు ఇల్లంతయు వెదకగా, మా గృహిణి పప్పుల డబ్బాలోని పాత చీటీల నడుమ ఆ రసీదు దొరకినది. అక్షరములు సగము వెలిసిపోయినవి. చివరి అంకె 3యో, 8యో తెలియలేదు. పైన చెప్పిన తనిఖీ లెక్క మాకు అక్కరకు వచ్చినది అప్పుడే. లెక్క వేయగా 3 అని తేలినది.

అటుపిమ్మట జరుగవలసిన పని ఇది. కేంద్ర ప్రభుత్వమువారు సి.ఇ.ఐ.ఆర్. అను కేంద్రీయ చిట్టాను ఏర్పరచిరి. దీనిని 2019లో తొలుత మహారాష్ట్రలోను, పిదప ఢిల్లీలోను ప్రయోగించి చూచిరి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణమునకును, మే నెలలో దేశమంతటికిని విస్తరింపజేసిరి. తెలంగాణ పోలీసులు దీనిని చురుకుగా ఉపయోగించి, వేలకొలది ఫోనులను సొంతదారులకు తిరిగి అప్పగించిరి. ‘సంచార్ సాథీ’ అను ప్రభుత్వ వేదికలో దీనికి ద్వారమున్నది.

ఫోను పోయినవారు మొదట చేయవలసినది బ్యాంకునకు తెలిపి, ఫోనుతో ముడిపడిన చెల్లింపులను నిలిపివేయించుట. సొమ్ము అప్పటికే పోయియున్నచో 1930 అను నంబరునకు తక్షణమే ఫిర్యాదు చేయవలెను. రెండవది, ఠాణాలో ఫిర్యాదు చేసి దాని ప్రతిని పుచ్చుకొనుట. మూడవది, సిమ్ కార్డు ఇచ్చిన కంపెనీవారి వద్దకు పోయి, అదే నంబరుతో మారు సిమ్ తీసికొనుట. ఇది ఏలయనగా, చిట్టాలో ఫిర్యాదు వ్రాయునప్పుడు ధ్రువీకరణ అంకెలు సందేశముగా వచ్చును. క్రొత్తగా ఇచ్చిన సిమ్ కార్డునకు సందేశములు వచ్చుటకు ఒక దినము పట్టవచ్చును. నాల్గవది, ఫోను అంకె, పోయిన చోటు, తేదీ, ఫిర్యాదు ప్రతి, కొనుగోలు రసీదు, గుర్తింపు పత్రము జతచేసి వేదికలో విన్నపము పంపుట. ఠాణాలోని సిబ్బందియు ఈ విషయమున సహాయము చేయుదురు. విన్నపమునకు ఒక సంఖ్య ఇత్తురు, దానిని జాగ్రత్తపరచవలెను.

విన్నపము అందిన పిమ్మట ఏమి జరుగును? ఫోను తెరచినప్పుడు అది సమీపమునందలి టవరుతో సంభాషించును. నాలోని సిమ్ కార్డు ఇది, నా అంకె ఇది యని తెలుపుకొనును. ప్రతి కంపెనీవారి వద్దను అంకెల జాబితాలుండును. అనుమతింపదగినవి తెల్ల జాబితాలోను, అనుమానింపదగినవి బూడిదరంగు జాబితాలోను, నిషేధింపబడినవి నల్ల జాబితాలోను ఉండును. కేంద్రీయ చిట్టా ఈ కంపెనీల జాబితాలనన్నిటిని ఒక త్రాటికి కట్టినది. పూర్వము ఒక కంపెనీవారు నిలిపిన ఫోనులో మరియొక కంపెనీ సిమ్ వేసికొని దొంగ హాయిగా తిరుగవచ్చును. ఇప్పుడు ఒక చోట నల్ల జాబితాకు ఎక్కినది అన్ని కంపెనీలవారి వద్దను ఎక్కును. సాధారణముగా ఒక దినము లోపల ఇది జరుగును. ఎవరైనను అందులో సిమ్ వేసినప్పుడు ఆ సమాచారము పోలీసులకు చేరును. ఫోను తిరిగి దొరకిన పిదప, అదే వేదికలో విన్నపము సంఖ్య తెలిపి నిషేధమును తొలగింపజేసికొనవలెను. ఈ పని మరచినవారు, చేతిలో ఫోనుండియు మాటాడలేక అవస్థపడుదురు.

దీనికి గల హద్దులను గూడ చెప్పుట న్యాయము. నల్ల జాబితాకు ఎక్కిన ఫోను టవరుతో మాత్రమే పనిచేయదు; ఇంటిలోని వైఫైతో కొన్ని పనులు చేయవచ్చును. మన దేశపు జాబితా సరిహద్దు దాటిన ఫోనును ఆపజాలదు. విడిభాగములుగా విప్పి అమ్మిన ఫోనును ఏ చిట్టాయు పట్టజాలదు. ఫోనులోని ఫోటోలను, లెక్కలను ఇది కాపాడజాలదు. అందుకు తెరకు తాళము వేసికొనుట మన పని.

మా ఫోను సంగతి ముగించెదము. మూడవ నెలలో ఠాణానుండి కబురు వచ్చినది. పోగా, బల్ల మీద మా ఫోను ఉన్నది. బల్లకు ఆవల ఒక యువకుడు నిలబడియున్నాడు. తాపీపనికై పాలమూరు ప్రాంతమునుండి వచ్చిన కూలివాడు. ఊరిలోనున్న భార్యతో మాటాడుకొనుటకు ఆ ఫోను కొనెనట. “పైసలు పెట్టి కొన్న సార్, దొంగ సొమ్మని నాకు తెల్వదు. రసీదు అడిగితే ఇయ్యలేదు” అని అతడు చెప్పెను. పోలీసులును అతని మాట నమ్మిరి. చట్టము సైతము అంకె మార్చిన ఫోనును తెలిసి ఉంచుకొనినవానినే శిక్షింపుమన్నది. కాని అతడు కొన్ని దినముల కూలి పోగొట్టుకొనెను. మాకు వస్తువు దొరకినదన్న సంతోషము ఇంటికి వచ్చుసరికి సగమైనది. ఫోను దొంగిలించినవాడు ఇద్దరిని దోచెను. మమ్ము ఒకసారి, ఆ కూలివానిని ఒకసారి.

వాడిన ఫోను కొనువారు మన సమాజమున లక్షలున్నారు. విద్యార్థులు, పనివారు, ఇళ్లలో పనిచేయు స్త్రీలు క్రొత్తది కొనలేక పాతదానిని కొందురు. వారికి ఈ చిట్టా మరింత అవసరము. కొనుటకు ముందు అమ్మువాని ఎదుటనే ఫోను అంకెను తెరమీద చూడవలెను. పిదప మరియొక ఫోనునుండి కె.వై.ఎం. అను మూడు ఆంగ్లాక్షరములు వ్రాసి, కొంత ఎడమిచ్చి, ఆ పదునైదు అంకెలు చేర్చి 14422 అను నంబరునకు సందేశము పంపవలెను. ఆ ఫోను కంపెనీ పేరు, రకము తిరిగి వచ్చును. చేతిలోనున్న ఫోను ఒక రకము, సందేశములో వచ్చినది మరియొక రకము అయినచో దానిని ముట్టరాదు. నల్ల జాబితాలో ఉన్నదనియో, ఇదే అంకెతో వేరొకటి వాడుకలో ఉన్నదనియో వచ్చిన, కొనరాదు. సంచార్ సాథీ వేదికలోను ఇట్లే పరీక్షించుకొనవచ్చును. వాడిన ఫోనుల వ్యాపారము చేయువారు అంకెను పరీక్షించిన పిమ్మటనే క్రయవిక్రయములు జరుపవలెనని 2025 అక్టోబరులో చేసిన సవరణ నిర్దేశించుచున్నది. అయినను రసీదు అడుగుట కొనువాని హక్కు. రసీదు మీద ఫోను అంకె వ్రాయించుట అంతకంటె ముఖ్యము. ఆ తాపీపనివానికి ఈ ఒక్క సందేశపు సంగతి ఎవరైనను చెప్పియుండినచో, అతని కూలి అతనికి దక్కియుండెడిది.

యంత్రము నమోదు ఇది కాగా, సిమ్ కార్డు నమోదు వేరు. సిమ్ కార్డునకు మాత్రము కొనువాడు గుర్తింపు చూపి తన పేర నమోదు చేయించుకొనియే తీరవలెను. ఒక వ్యక్తి పేర తొమ్మిది సిమ్ కార్డులకు మించి ఉండరాదు. జమ్మూ కాశ్మీరు, అస్సాము, ఈశాన్య రాష్ట్రములలో ఆరే. మన పేర మనకు తెలియకుండ ఎవరైన సిమ్ తీసికొనిరేమో చూచుకొను సౌకర్యమును 2021లో తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే ప్రారంభించి, పిమ్మట దేశమంతటికిని వర్తింపజేసిరి. అందులో మన నంబరు ఇచ్చి, వచ్చిన ధ్రువీకరణ అంకెలు వేసిన, మన పేరనున్న నంబరుల పట్టిక కనబడును. మనది కానిదానిని ‘నాది కాదు’ అనియు, అక్కరలేనిదానిని ‘అవసరము లేదు’ అనియు గుర్తింపవచ్చును. మన పేరనున్న సిమ్ కార్డుతో మరియొకడు మోసము చేసిన, మొదట తలుపు తట్టబడునది మన ఇంటిదే. సిమ్ మన పేర, వాడుక పనివాని చేత, లేదా దూరపు బంధువు చేత ఉన్నచో దానిని వారి పేరకు మార్పించుట క్షేమము.

నమోదు పేరు చెప్పి మోసగించువారును బయలుదేరిరి. “మీ ఫోను నమోదు కాలేదు, రెండు గంటలలో ఆగిపోవును, తొమ్మిది నొక్కుడు” అని ప్రభుత్వ సంస్థ పేర మాటాడుదురు. తాము ఇట్టి ఫోనులు చేయబోమని టెలికాం నియంత్రణ సంస్థ అనేక పర్యాయములు ప్రకటించినది. గృహస్థుడు తన ఫోనును నమోదు చేయించవలసిన విధియే లేదని ఎరిగినవానిని ఈ బెదిరింపు ఏమియు చేయజాలదు.

ఒక ప్రశ్న మిగిలినది. ఇంతటి చిట్టా సర్కారు చేత ఉండుట మన స్వేచ్ఛకు మంచిదేనా? ఇది ఉపేక్షింపదగిన ప్రశ్న కాదు. 2025 నవంబరు చివర, దేశమున అమ్ము ప్రతి క్రొత్త ఫోనులోను సంచార్ సాథీ యాప్‌ను ముందే చేర్చి ఇయ్యవలెనని ప్రభుత్వము తయారీదారులను ఆదేశించినది. వ్యక్తిగత గోప్యతకు ఇది భంగకరమని పార్లమెంటులోను, వెలుపలను అభ్యంతరములు వచ్చినవి. డిసెంబరు 3న ప్రభుత్వము ఆ నిర్బంధమును ఉపసంహరించినది. కోరినవారు యాప్‌ను పెట్టుకొనవచ్చును, అక్కరలేనివారు మానవచ్చును. వస్తువునకు చిట్టా ఉండుట వేరు. మనిషి వెంట చిట్టా నడచుట వేరు. మొదటిదానివలన మనము ప్రయోజనము పొందుచు, రెండవది రాకుండ కనిపెట్టియుండుట పౌరులకు తగిన పని.

ఇక ఈ రాత్రి మీరు చేయవలసినది స్వల్పము. వార్తలు ముగిసిన పిదప ఇంటిలోని ఫోనులన్నిటిని ఒకచోట చేర్చుడు. ఒక్కొక్కదాని అంకెను ఇంటి లెక్కల పుస్తకము లోపలి అట్ట మీద, ఎవరి ఫోను, ఎప్పుడు కొన్నది అను వివరములతో, స్పష్టముగా వ్రాయుడు. రసీదులను అందులోనే ఉంచుడు. పిల్లల చేత తనిఖీ అంకె లెక్క వేయించుడు. మీ ఇంట పనిచేయువారి ఫోను అంకెను గూడ ఒక చీటీ మీద వ్రాసి వారి చేతికిండు. పూర్వము రేడియో లైసెన్సు పుస్తకమును మన పెద్దలు ఎక్కడ భద్రపరచిరో, ఈ కాగితమును గూడ అక్కడనే భద్రపరచుడు.